బస్సు పాటను వెతికి తెచ్చిన మా క్యాసెట్ల తాత

మా క్యాసెట్ల తాత పోయారన్న సంగతి నాకు ఆఫీసులో, ఫోనులో తెలిసింది. పోయిన నెల ఒక మంగళవారం. మా కాంపౌండ్ వాట్సాప్ గ్రూపులో "కింది పోర్షన్ అంకుల్ పొద్దున హార్ట్ ఎటాక్‌తో చనిపోయిన్రు" అని ఒక మెసేజ్. దాని కింద వరుసగా దండం బొమ్మలు. పావుగంట కాకముందే, మిక్సీ రిపేరు చేసేవాళ్ల నంబరు ఎవరికైనా తెలుసా అని ఇంకో మెసేజ్. ఆటోలో నాంపల్లికి వస్తూ ఆ నంబరు అడిగినావిడను మనసులో నానా మాటలూ అన్నాను. పాపం, ఆమె తప్పేమీ లేదు.

అసలు కోపం సాయంత్రం వచ్చింది. మా అమ్మాయి చదివే స్కూలు వాళ్లు తమ పేజీలో ఆయన ఫొటో పెట్టారు. "మా పాఠశాల శ్రేయోభిలాషి, బాల సంగీత ప్రియులు" అని రాశారు. ఫొటో వెనక మా పిల్లలందరికీ నోటికి వచ్చిన బస్సు పాట మోగుతోంది. కింద "మా పాఠశాల ప్రత్యేక గీతం" అని ఉంది. ఆ పాట ఆ స్కూలుది కాదు. ఆ పాట పట్టుకుని ఆయన వాళ్ల గడప ఎక్కిన రోజున కూర్చోమని కుర్చీ కూడా చూపలేదు. ఈ సంగతి మీకు చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఆయన అబిడ్స్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డారు. ఓనరు కాదు, గుమాస్తా. సినిమా క్యాసెట్ కోసం వచ్చినవాళ్ల పక్కన చిన్నపిల్ల కనిపిస్తే, "మీకు సరే, పాపకేం దీస్కుంటున్నరు?" అని అడిగేవారట. స్టూలు మీద ఆ పాపను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కొత్తగా వచ్చిన పిల్లల క్యాసెట్ ఏదైనా వినిపించేవారట. "తండ్రి మొకం జూడొద్దమ్మా, పిల్ల కాలు జూడాలె. కాలు కదిల్తేనే పాట" అని నాతో ఎన్నిసార్లన్నారో.

దుకాణం మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన మాత్రం ఆ పని మానలేదు. డెబ్బై దాటాక మా అమ్మాయి దగ్గర కూర్చుని ఫోనులో పాటలు వెతకడం నేర్చుకున్నారు. పొద్దున చాయ్ అయ్యాక కళ్లజోడు పెట్టుకుని, పిల్లల కోసం ఎవరెవరు కొత్తగా ఏం పాడారో వినేవారు. ప్రతి పాటా మూడుసార్లు. వద్దనుకున్నదాని ఎదురుగా నోటుబుక్కులో కారణం రాసేవారు. ఒకచోట "మిషన్ గొంతు". ఒకచోట "లైన్ లైన్‌కు నీతి". ఇంకోచోట "పాడినామెకే ఇష్టం లేదు". అది చదివి నేను పడీపడీ నవ్వితే, "నవ్వకు. గా సంగతి పిల్లలకు మనకంటే ముందుగాల తెలుస్తది" అన్నారు.

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పిల్లల పుస్తకాలు కొనేవాళ్లను పలకరించేవారు. "బుక్కులు మంచిగనే కొంటున్నరు, ఇంట్ల పాటలేం ఇంటరు?" కొందరు వింతగా చూసి పక్కకు జరిగేవాళ్లు. కొందరు నిలబడి చెప్పేవాళ్లు. సాయంత్రం మా మెట్ల మీద చిన్న స్పీకర్ పెట్టి, ఆ వారం దొరికిన ఒకే ఒక్క పాట వినిపించేవారు. పిల్లలను దింపేసి పోతామంటే ఒప్పుకునేవారు కాదు. "మీరు గూడ కూసోవాలె. పెద్దోళ్లకు విసుగొస్తే అది పాట కాదు, హోంవర్క్."

బస్సు పాట అట్లా దొరికిందే. గౌలిగూడలో ఇంట్లో జాకెట్లు కుట్టే ఒకామె తన మూడేళ్ల కొడుకు కోసం తనే కట్టి, ఫోనులో పాడి నెట్‌లో పెట్టింది. విన్నవాళ్లు ముప్పై మంది కూడా లేరు. పొద్దంతా తిరిగిన బస్సును తల్లి డిపోకు రమ్మంటుంది, బస్సు మారాం చేస్తుంది.

బస్సమ్మా బస్సమ్మా డిపోకు రావే
రానంటే రానమ్మా, ఇంకొక్క రౌండు!

ఒక లైను పెద్దవాళ్లది, ఒక లైను పిల్లలది. మొదటిసారి విన్న సాయంత్రమే మా కాంపౌండ్ పిల్లలు ఇంకొక్క రౌండని మెట్లెక్కి దిగుతూనే ఉన్నారు. అన్నాలకు పిలిస్తే ఒక్కరూ రాలేదు.

అప్పుడే స్కూల్లో యాన్యువల్ డే వచ్చింది. మూడో క్లాసు ఆడపిల్లలకు ఒక సినిమా పాట ఇచ్చారు. ఎట్లాంటి పాటో మీకు తెలుసు. మా అమ్మాయి కింద మెట్ల దగ్గర నడుం తిప్పుతూ, కన్ను కొడుతూ ప్రాక్టీసు చేస్తుంటే ఆయన చూశారు.

"బేటా, గీ పాటల ఏమంటున్నరో తెల్సా?"

"తెల్వది తాతా. మేడం గిట్లనే చెయ్యమన్నది."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు ఇన్నవా అమ్మా గా మాటలు?"

"అందరు చేస్తున్నరు అంకుల్" అన్నాను.

"అందరు చేస్తున్నరని నువ్వు ఇనుడు బంద్ జేసినవా?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని స్కూలుకు వచ్చారు. అంతకుముందే గౌలిగూడ వెళ్లి, బస్సు పాట పిల్లలతో ఆడించడానికి ఆమెను అడిగి వచ్చారు. "పాట ఆమెది. అడగకుంట ఎట్ల?" యాన్యువల్ డే పనులు చూసే మేడం పాట సగం కూడా వినలేదు.

"సార్, ఇది ఎవరికీ తెల్వదు. పేరెంట్స్ బోర్ ఫీలవుతరు."

"కొత్త పాటంటేనే తెల్వని పాట మేడం. ఇనిపిస్తేనే గద తెలిసేది."

"మీ ఏజ్‌కు నచ్చుతది సార్, ఇప్పటి పిల్లలకు ఇవి నడవయ్" అని ఆమె నవ్వి నన్ను చూసింది. "మీరు గూడ గదే అంటున్నరా?"

ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. "లేదు మేడం, అంకుల్ రమ్మంటే తోడొచ్చిన" అన్నాను. నిలబడి ఉన్న ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి అన్నాను. మా అమ్మాయిని డ్యాన్సులోంచి తీసేస్తారని నా భయం.

బయటికి వచ్చాక ఆయన స్టేషన్ రోడ్డులో కొంత దూరం నడిచి, "చాయ్ తాగుదామా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

యాన్యువల్ డే రోజు నా వెనక వరుసలో ఎవరో మగాయన, ఎవరి తండ్రో, స్టేజీ మీది పిల్లలను చూసి విజిల్ వేశాడు. ఎనిమిదేళ్ల పిల్లలండీ! చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నేను తల వంచుకున్నాను. దిగి వచ్చాక మా అమ్మాయి అడిగింది. "మమ్మీ, గా అంకుల్ మమ్మల్ని జూసి ఎందుకు విజిల్ ఏసిండు?" పిల్లలకు పాటలు లేవని, సినిమా పాటలు కాక ఇంకేం ఉన్నాయని అనేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. ఉన్నాయి. వెతికిన మనిషి మా కింది పోర్షన్‌లోనే ఉన్నాడు. తెచ్చి చేతిలో పెడితే వద్దన్నాం.

ఆ ఆదివారం మా అమ్మాయిని తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. "రా బేటా, డ్రైవర్ లేక బస్సు ఆగింది" అని పిల్లకు చోటు చూపించారు. ఆ సాయంత్రం గౌలిగూడ ఆమెను కూడా పిలిచారు. కొడుకును చంకనేసుకుని, కొంగు సర్దుకుంటూ, సిగ్గుపడుతూ వచ్చింది. అంతమంది ముందు పాడటం ఆమెకు అదే మొదలు. మొదటి లైను ఆమె పాడగానే పదిహేను గొంతులు "రానంటే రానమ్మా" అన్నాయి. ఆమె ఆగిపోయింది. "వీళ్లందరికి వచ్చా?" అని ఆయన్ని అడిగింది. అటుపైన పాట ఫోన్ నుంచి ఫోన్‌కు పోయింది. మా వీధి ఆటోల్లో మోగింది. పిల్లలే స్కూలుకు మోసుకుపోయారు. చివరికి స్కూలు వాళ్లు ప్రార్థనలో పాడించి, వీడియో తీసి, కట్టినామె పేరు మింగేసి, తమ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడేమో ఆ పాట వింటూనే ఆయన ఫొటోకు దండం పెట్టమన్నారు.

ఆయన పోయిన మూడో రోజు నేను స్కూలుకు వెళ్లాను. నాతో మా కాంపౌండ్ నుంచి తొమ్మిది మంది తల్లులు వచ్చారు. మిక్సీ నంబరు అడిగినావిడ అందరికంటే ముందు నడిచింది. అదే మేడం, అదే గది.

"అది ట్రెడిషనల్ సాంగ్ అనుకున్నం అండీ" అంది.

"పోయినేడు ఎవరికీ తెల్వదంటిరి. ఏడాదిల ట్రెడిషనల్ ఎట్లయింది మేడం?" అన్నాను.

"మీ పాప మా స్కూల్లనే గద సదువుతున్నది?" అంది మేడం.

"ఔ, చదువుతది. నేను గూడ రోజు వస్త, పేరు మారేదాక" అన్నాను.

ఆ సాయంత్రానికి "ప్రత్యేక గీతం" పోయి గౌలిగూడ ఆమె పేరు వచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు. మళ్లీ వెళ్లి దిద్దించాను. ఈ ఏడు యాన్యువల్ డే పాటలు తల్లిదండ్రులకు ముందే వినిపించాలని రాసిచ్చి వచ్చాం. చూస్తామన్నారు. మేమూ చూస్తాం.

ఆయన ఎదురుగా అనాల్సిన మాటను ఆయన పోయాక అన్నాను. ఈ సిగ్గు నాతోనే ఉంటుంది.

కర్మలు అయిన తర్వాతి ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లే మెట్ల మీద చేరారు. గౌలిగూడ ఆమె కొత్త పాట పంపింది, వాన గురించి. స్పీకర్ కోసం కింది పోర్షన్ తలుపు కొట్టాం. ఆయన భార్య, మా ఆంటీ, తనే తెచ్చి పెట్టింది. ఆమెకు చాలా ఏళ్లుగా చెవులు వినిపించవు. ఇన్ని ఆదివారాలూ లోపలే ఉండేది. ఆ రోజు లోపలికి పోకుండా కింది మెట్టు మీద పిల్లల మధ్య కూర్చుంది. పాట మొదలైంది. ఆమె అరచెయ్యి స్పీకర్ మీద ఆనించి, అదురు తెలిసేదాకా కాసేపు ఆగి, కళ్లు మూసుకుంది. పాట అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అమ్మాయి పాటను మళ్లీ మొదటినుంచి పెట్టింది.