ఎర్ర పెన్సిలూ, నాలుగు వందల పన్నెండు మందీ

ఒక మనిషి ఒకే ఒక్క నిజం చెప్పి నాలుగు వందల పన్నెండు మంది గొంతులు ఎండబెట్టగలడా? గలడు. నేను ఎండబెట్టాను. దానికి నాకు పట్టిన సమయం పదిహేను సెకన్లు. ఆ నాలుగు వందల పన్నెండులో నేనూ ఒకణ్ణే కాబట్టి నా గొంతు కూడా ఎండింది. లెక్క ఎక్కడా తప్పలేదు. అదే అసలు తంటా.

ఊరి పేరు రాయను. హిందూపురానికీ, పెనుకొండకూ, ధర్మవరానికీ మూడింటికీ బస్సు దొరికే ఊరని మాత్రం చెబుతాను. బస్సు దొరికేది, నీళ్లే దొరికేవి కావు. ఇది తొంభైల చివరి మాట. అప్పుడు నాకు ముప్పై ఒక్క ఏళ్లు. పదో తరగతిలో లెక్కలు తప్ప మిగతావన్నీ తప్పి బడి మానేసి, ఆ తర్వాత లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నేర్పినవాడు లేడు కాబట్టి "ఇక చాలు" అన్నవాడూ లేడు. రోజూ బస్సులో హిందూపురం పోయి పట్టుగూళ్ల తూకాలు రాసి వచ్చేవాణ్ణి. అమ్మ పోయి రెండేళ్లయింది. ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. రోజుకు ఇంట్లో ఎన్ని మాటలు పలికానో కూడా నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. మంగళవారం: సున్నా. బుధవారం: రెండు (గుమ్మం తలకు తగిలింది). గురువారం: సున్నా.

ఇలాంటి మనిషి నెలకొక రోజు సెలవు పెట్టి ఎక్కడికి పోతాడు? సినిమాకు అనుకుంటారు మీరు. నేను మునిసిపల్ కౌన్సిల్ మీటింగుకు పోయేవాణ్ణి. నవ్వకండి. సినిమాలో మూడు గంటలే మాట్లాడతారు, అదీ ముందే రాసిపెట్టుకుని. కౌన్సిల్ హాల్లో పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా ఇరవై మూడు మంది సభ్యులు ఒకరినొకరు ఆపకుండా మాట్లాడతారు. ఫ్యాను కూడా ఉంటుంది. వెనక గోడకు ఆనించి ప్రజల కోసం ఒక బెంచీ వేశారు. ఐదేళ్లుగా ఆ బెంచీకి ప్రజలు నేనొక్కణ్ణే. చైర్మన్ గారు చెయ్యెత్తి "ప్రజలు మనల్ని చూస్తాండారు, జ్ఞాపకం పెట్టుకోండి!" అన్నప్పుడల్లా నేను నిటారుగా కూర్చునేవాణ్ణి.

మా కౌన్సిల్ ఢిల్లీకి చెప్పని సలహా లేదు. అణుబాంబు పేలిస్తే అభినందన తీర్మానం, ఎరువుల ధర పెరిగితే ఖండన తీర్మానం. విదేశీ కంపెనీలను రానివ్వాలా వద్దా అని ఒకసారి మూడు గంటల నలభై నిమిషాలు వాదించుకున్నారు. అదే రోజు మా గానుగ వీధి మురికి కాలువకు దొరికింది ఆరు నిమిషాలు. రెండూ నా చేతి గడియారం పెట్టి చూసినవే.

నీళ్ల సంగతి మాత్రం ప్రతి నెలా చివర్లో వచ్చేది. వేసవిలో బోర్లు ఎండితే వీధులకు ట్యాంకర్లు పంపేవారు. రెండు వందల మందికి వారానికి ఒక ట్యాంకరు అని ఆఫీసు లెక్క. ప్రతి కౌన్సిలరూ లేచి తన వీధిలో ఇంతమంది ఉన్నారని చెప్పేవాడు. చైర్మన్ గారు ఆ అంకె విని, జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, సగానికి కోసేవారు. ఎవరు ఏ అంకె చెప్పినా సగమే. వందంటే యాభై. వెయ్యంటే ఐదు వందలు. అందరికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. కానీ నా బుర్ర దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. ఆ కోత అబద్ధానికి పడే శిక్ష అని నమ్మాను. ఏదో ఒక రోజు సరైన అంకె ఆ హాల్లోకి వస్తే, ఎర్ర పెన్సిల్ దాని ముందు తలవంచి జేబులోకి తిరిగి పోతుందని ఎదురుచూసేవాణ్ణి.

ఆ వేసవిలో మా కౌన్సిలరు రత్నమ్మక్క నా ఇంటి గడప దగ్గర నిలబడింది. రెండేళ్లలో మా గడప దగ్గరికి పని మీద వచ్చిన మొదటి మనిషి.

"ఏమప్పా నర్సింలూ, లెక్కలు బాగా కడతావంట గదా?"

"కడతానక్కా."

"మన వీధికి వారానికి రెండు ట్యాంకర్లు వస్తాండాయి. ఆడోళ్లు బిందెలు పెట్టి కొట్టుకుంటాండారు. మూడోది సాధించాల. వీధి జనాన్ని ఒక కాగితం మీద లెక్క కట్టియ్యి. కాగితం చేతిలో ఉంటే మాటకు బరువుంటాది."

నన్ను ఒక పని అడిగారు! పెళ్లిచూపులకు పిలిచినా అంత పొంగిపోయేవాణ్ణి కాను.

గానుగ వీధిలో ఇళ్లు డెబ్బై ఒకటి. నిజానికి రెండు సాయంత్రాల పని. నేను పదకొండు సాయంత్రాలు చేశాను. ఎందుకంటే ఏ ఇంటికి పోయినా "కూర్చో అబ్బీ" అన్నారు. యాభై ఎనిమిది ఇళ్లలో కాఫీ ఇచ్చారు. మూడు ఇళ్లలో "తిన్నావా?" అని అడిగారు. ఆ మూడు ఇళ్లకూ సరిచూసుకోవాలని చెప్పి రెండోసారి పోయాను. మిగతా ఇళ్లకు అనుమానం రాకూడదు కదా, అక్కడికీ రెండోసారి పోయాను.

నా ఎదురింటి సుంకమ్మవ్వ దగ్గర మాత్రం బేరం తెగలేదు.

"రాస్కో, తొమ్మండుగురం."

"అవ్వా, కనిపించేది ఐదుగురే గదా?"

"నలుగురు బెంగుళూరులో పనికి పోయినారు."

"అయితే వాళ్లు ఆడనే తాగుతారు గదవ్వా నీళ్లు."

"ఉగాదికి వస్తారు గదరా!"

"రెండు రోజులకే గదా."

"మా ముసలాయనను కూడా రాస్కో."

"తాత పోయి ఆరేళ్లాయె!"

"పోతే? ఏటేటా తద్దినానికి నీళ్లు వదల్తాండాం. ఊరికే వదల్తామా, బిందె నీళ్లు గావాల."

ఐదే రాశాను. అవ్వ నా వైపు చూసిన చూపుకు వేరే వాడైతే తొమ్మిది రాసి, తాతనూ రాసి, రాబోయే మనవడికి కూడా చోటు ఉంచేవాడు. నేను మాత్రం పురుటికి వచ్చిన కూతుళ్లను వదిలేశాను, సంత రోజున వచ్చి పడుకునే చుట్టాలను వదిలేశాను. చివరికి నా ఇంటి వరుసకు వచ్చి "ఒకటి" అని రాసుకున్నాను. వీధి మొత్తానికీ ఒకటి అన్న అంకె ఉన్న ఇల్లు అదొక్కటే. దాన్ని చూస్తూ కాసేపు కూర్చున్నాను. తర్వాత నిలువుగా కూడి చూశాను, అడ్డంగా కూడి చూశాను. నాలుగు వందల పన్నెండు. కాగితం రత్నమ్మక్క చేతికి ఇచ్చాను. ఆమె చూసి "ఓ" అంది. మెచ్చుకోలు అనుకున్నాను.

మీటింగు రోజున ఉతికిన చొక్కా వేసుకుని పోయి నా బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున మొదటి అంశం జనాభా తగ్గించాలన్న కేంద్రం విధానానికి మద్దతు. స్టేషన్ వీధి కౌన్సిలరు లేచాడు. పెద్ద మీసాలు, ఏడుగురు పిల్లలు. నలభై నిమిషాలు మాట్లాడాడు.

"అధ్యక్షా, చిన్న కుటుంబమే దేశానికి బలం! మా స్టేషన్ వీధినే చూడండి. ఇంటికి ఇద్దరు బిడ్డల కంటే ఎక్కువుంటే నన్ను అడగండి!"

బల్లలు చరిచారు. తీర్మానం ఏకగ్రీవంగా గెలిచింది. ఆ పూట మా కౌన్సిల్ దేశ జనాభాను బాగా తగ్గించింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత నీళ్ల అంశం రాగానే అదంతా తిరిగి పుట్టుకొచ్చింది.

"అధ్యక్షా, మా స్టేషన్ వీధిలో ఇంటికి పదకొండు మంది ఉండారు. మనుషుల మీద మనుషులు పండుకుంటాండారు!"

చైర్మన్ గారు కళ్లజోడు పైకి జరిపారు. "ఏమప్పా, పొద్దున ఇంటికి ఇద్దరు బిడ్డలే అంటివే?"

"పొద్దున మాట్లాడింది దేశం గురించి అధ్యక్షా. ఇప్పుడు మాట్లాడేది నీళ్ల గురించి."

చైర్మన్ గారికి ఆ జవాబు నచ్చింది. రెండు వేలు అడిగితే వెయ్యి చేసి ఐదు ట్యాంకర్లు రాశారు. తర్వాత రత్నమ్మక్క లేచింది. నా కాగితం ఆమె చేతిలో రెపరెపలాడుతోంది. నా గుండె కూడా.

"అధ్యక్షా, మా గానుగ వీధి జనం ఇంటింటికీ తిరిగి లెక్క కట్టినాం. పన్నెండొందల మంది."

పాపం, అక్కకు నా చేతిరాత అర్థం కాలేదు అనుకున్నాను. పదకొండు సాయంత్రాలు, యాభై ఎనిమిది కాఫీలు నా కళ్ల ముందు తిరిగాయి. ఐదేళ్లలో మొదటిసారి ప్రజలు బెంచీ మీద నుంచి లేచారు.

"అధ్యక్షా! పన్నెండొందలు కాదు. అక్క తప్పు చదివింది. నాలుగు వందల పన్నెండు!"

హాలంతా వెనక్కి తిరిగింది. చైర్మన్ గారు అటెండరును అడిగారు. "ఎవురబ్బా ఇది?"

"ప్రజలు సార్," అన్నాడు అటెండరు.

రత్నమ్మక్క పళ్లు బిగించి, "నర్సింలూ, కూర్చోప్పా," అంది.

"లేదక్కా, కాగితం కింద చూడు. నిలువుగా కూడినా అదే, అడ్డంగా కూడినా అదే!"

"ఈ లెక్క కట్టింది నువ్వేనా?" అన్నారు చైర్మన్ గారు.

"నేనే సార్. ఇంటింటికీ పోయినాను. రెండుసార్లు."

"బెంగుళూరులో ఉండే వాళ్లను కలిపినావా?"

"లేదు సార్!"

"చుట్టాలను?"

"ఒక్కర్ని కూడా కలపలేదు సార్!"

చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. "సభ్యులారా, నేను కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఈ హాల్లోకి వచ్చిన మొదటి నిజం ఇది. చప్పట్లు కొట్టండి." అందరూ కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది స్టేషన్ వీధి మీసాలాయన. నా జీవితంలో నా కోసం కొట్టిన చప్పట్లు అవే. ఎనిమిది సెకన్లు.

తర్వాత చైర్మన్ గారు జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశారు. "నాలుగు వందల పన్నెండు. సగం రెండొందల ఆరు. వారానికి ఒక ట్యాంకరు."

"సార్! ఇది సరైన లెక్క. దీన్ని కొయ్యకూడదు సార్!"

"అందరికీ కోసి నీకు కొయ్యకుంటే మిగతా వీధులు ఊరుకుంటాయా? రూలు రూలే గదప్పా. తరువాతి అంశం, కుక్కలు."

వరండాలో రత్నమ్మక్క నన్ను ఆపింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"మూడోది తెమ్మంటే ఉన్న రెండోది పోగొట్టినావు. పన్నెండొందలంటే ఆరొందలు చేస్తాడు, మూడు ట్యాంకర్లు వస్తాయి అని అంచనా వేసుకుని పోయినా."

"అయితే నాతో లెక్క ఎందుకు కట్టించినావక్కా?"

"చేతిలో కాగితం ఉండాలని. దాంట్లో ఏముందని ఎవురడిగినారు?"

ఆ వారం నుంచి వీధికి ఒక్క ట్యాంకరు. బిందెల చప్పుడు రెండింతలయింది, నాతో మాట సున్నా అయింది. యాభై ఎనిమిది కాఫీలలో ఒక్కటీ మళ్లీ రాలేదు. నేను బిందె పట్టుకుని పోతే వరుస తనంతట తానే బిగుసుకునేది. ఆ నెలలో వీధిలో నాతో మాట్లాడినవాళ్లు ముగ్గురు. ఇద్దరు తిట్టినవాళ్లు. మూడోవాడు మడకశిర బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగిన పొరుగూరి మనిషి. అతనికి దారి చూపించే నెపంతో బస్సు దాకా తోడు పోయి, బస్సు కదిలేవరకూ మాట్లాడించాను. పాపం, కిటికీ మూసుకున్నాడు.

తర్వాతి మీటింగుకు ముందు రోజు రత్నమ్మక్క మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. "రేపు మీటింగుకు నువ్వు రాకుంటే చాలు. అదే నువ్వు వీధికి చేసే మేలు."

ఊళ్లో ఉంటే కాళ్లు అటే పోతాయని భయపడి, పొద్దున్నే పెనుకొండ బస్సెక్కాను. బస్టాండులో సాయంత్రం దాకా కూర్చుని వచ్చే బస్సులు, పోయే బస్సులు రాసుకున్నాను. వచ్చినవి ఎక్కువ, పోయినవి తక్కువ. ఆ తేడా ఎక్కడికి పోయిందా అని వెతుకుతూ ఉంటే పొద్దు గడిచింది. అక్కడ కౌన్సిల్లో ఏమయిందో మరో రెండు రోజుల దాకా నాకు ఎవరూ చెప్పలేదు. మూడో రోజు ట్యాంకరు వచ్చింది. నాలుగో రోజు ఇంకొకటి వచ్చింది. ఆరో రోజు మూడోది. ప్రజలు లేని హాల్లో పన్నెండొందలు పన్నెండొందలుగానే నిలిచి, సగానికి తెగి, మూడు ట్యాంకర్లయ్యాయన్న మాట.

మూడో ట్యాంకరు దగ్గర సుంకమ్మవ్వ నా బిందెను కొంగుతో తుడిచి ముందుకు జరిపింది. "పట్టుకోరా. నీ బెంచీ ఖాళీగా ఉందని అటెండరు అడిగినాడంట."

"ఏమని అవ్వా?"

"ప్రజలు ఎందుకు రాలేదని."

నేను ఆ బెంచీకి మళ్లీ పోలేదు. అందరూ సాక్షులుగా ఇక్కడ ప్రమాణం చేస్తున్నాను: ఏ సభలోనూ, ఏ ఆఫీసులోనూ, ఊపిరి ఉన్నంతవరకూ, అడిగినా అడగకపోయినా, సరైన అంకె నా నోట రాదు.

ఈ ప్రమాణం నేను తప్పలేదు. మొన్నీమధ్య ఏదో ఫారం పట్టుకుని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?" అని అడిగింది.

"నలుగురం."

ఆ పిల్ల లోపలికి తొంగి చూసింది. ఒక కుర్చీ, ఒక కంచం, గడప దగ్గర ఒక జత చెప్పులు. కలం ఆపి నన్ను చూసింది.

"రాసుకో తల్లీ," అన్నాను. "మీ ఆఫీసులో సగం కోసినా, ఇద్దరం మిగలాల గదా."