మూడు ఊళ్ల పాస్టరమ్మ

మా పాస్టరమ్మ గారు పోయిన మంగళవారం పొద్దున మిర్యాలగూడలోని తమ కిరాయి ఇంట్లో కన్నుమూశారు. “ప్రభువునందు నిద్రించారు” అని రాయడం మా క్రైస్తవుల ఆచారం. అయితే ఆమె పట్టపగలు ఒక్క కునుకు తీయగా మేమెవ్వరం చూసి ఎరుగం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆడవాళ్లను ఇన్నేళ్లుగా కుదురుగా కూర్చోనివ్వని మనిషి నిద్రించారని రాస్తే, ఆమెను ఎరిగినవారు నమ్మరు.

ఆమెకు పిల్లలు లేరు. పాస్టరు గారు అంతకుముందే పోయి సూర్యాపేట క్రైస్తవ శ్మశానంలో ఉన్నారు. దూరపు చుట్టాలు “మీరెట్లంటే అట్లనే” అని ఫోనులోనే చేతులు దులుపుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు నిండింది. దానితోపాటే తగాదా మొదలయింది. ఆమె పుట్టింది కోదాడలో, భర్త ఉన్నది సూర్యాపేటలో, పోయింది మిర్యాలగూడలో. ఆమెను ఎక్కడ పాతిపెట్టాలి?

“మా ఊరి ఆడబిడ్డండీ! మట్టి మాదే” అని కోదాడ స్త్రీల సమాజం కార్యదర్శి గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

“గట్లెట్ల? ఆఖరికి నీళ్లు తాగిపిచ్చింది మేము” అన్నారు మిర్యాలగూడవాళ్లు.

మా సంఘ పెద్దాయన గొంతు సవరించుకొని, “తొందరేమున్నదమ్మా, ప్రార్థనలో పెడదాం” అన్నారు.

మా సంఘాల సంగతి తెలియని పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రార్థన మాకు ప్రాణం. అందులో సందేహం లేదు. కానీ “ప్రార్థనలో పెడదాం” అనే మాట వేరు. నిర్ణయం తన నెత్తిన పడుతుందని భయపడిన ప్రతి నాయకుడూ పట్టుకునే గొడుగు అది. మా చర్చి ప్రహరీకి ఏ రంగు వేయాలన్న సంగతిని అలాగే ప్రార్థనలో పెట్టాం. గోడ నేటికీ సిమెంటు రంగులోనే ఉంది. ఈసారి ప్రార్థనలో పెట్టదలచిన విషయం మాత్రం ముందుగదిలో ఫ్రీజరు పెట్టెలో ఉంది.

అందరూ నావైపు చూశారు. మూడు ఊళ్ల స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని నేను. ఆ పదవిలో నన్ను కూర్చోబెట్టింది ఆ పెట్టెలోని మనిషే.

నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఒంటరిగా ఉంటాను, నా స్కూటీ నేనే నడుపుకుంటాను, ఎవరి సలహా అడగను. అటువంటి నా ఇంటికి ఒకనాడు ఆమె మునక్కాయల సంచితో వచ్చి, “ఏమ్మా లెక్చరరమ్మా, రేపటిసంది నువ్వే ప్రెసిడెంటు” అన్నారు.

కుదరదన్నాను. “నేను పట్టిన పని ఏదీ ఇంతవరకు చెడలేదండీ. ఈ వయసులో ఆ పేరు పోగొట్టుకోలేను.”

“గందుకే నీకు భయం. ఓడిపోయినోళ్లకు భయమెందుకుంటది? వాళ్లకు తొవ్వ ఎరికే గదా!” అంటూ మునక్కాయలు నా ఒళ్లో పెట్టారు. వాటిని తీసుకున్నందుకే ఒప్పుకున్నట్టయింది.

ఆమె పద్ధతి ఏమిటంటే, ముందు ప్రార్థన చేసేవారు. “ఆమెన్” అంటూనే లేచి చెప్పులు వేసుకునేవారు. “ఆమెన్ అంటే ఇగ లెవ్వుమని. కూసోమని గాదు” అనేవారు. బస్టాండులో కూడా ఇదే వరుస. మొదట వచ్చిన బస్సు ఎక్కి, అది ఎక్కడికి పోతుందో తర్వాత కండక్టరును అడిగేవారు. ఒకసారి కోదాడలో ఉపవాస ప్రార్థనల కూడికకు బయలుదేరి నేరేడుచర్లలో దిగారు. దిగినచోటనే ఒక కుట్టుమిషను దుకాణంలో కూర్చొని అక్కడి ఆడవాళ్లతో కూడిక జరిపించారు. నేరేడుచర్లలో ఇప్పటికీ శుక్రవారం కూడిక నడుస్తోంది. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిన కోదాడవాళ్లు మాత్రం ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు.

నా మొదటి పరీక్ష మూడు ఊళ్ల స్త్రీల మహాసభ. చర్చి చాలదు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వారి గచ్చు, అంటే ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం, అడిగి పెట్టుకున్నాను. ఆ రోజు పొద్దున వెళ్లి చూస్తే గచ్చు నిండా వడ్లు పరిచి ఉన్నాయి. మిల్లువారు తారీఖు మరిచిపోయారట. గేటు బయట డీసీఎం వ్యానుల్లోంచి ఆడవాళ్లు దిగుతున్నారు. సభ రద్దు చేద్దామన్నాను.

ఆమె చెప్పులు విడిచి వడ్లలో దిగారు. “సూడు, వీటిని గంటగంటకూ కాళ్లతోటి తిరగదొయ్యాలె. మిల్లోళ్లకు మనుషులు గావాలె, మనకు జాగ గావాలె. దిగుండ్రి!” అన్నారు. వందనీయులైన ప్రసంగీకులు నీడలో మైకు పట్టుకొని నిర్ఘాంతపోయారు. “మీరు చెప్పుండ్రి అయ్యగారూ, కాళ్లకే పని. చెవులు ఖాళీగనే ఉన్నయి!” అని ఆమె కేకవేశారు. అంతమంది ఆడవాళ్లు చీరలు ఎత్తి చెక్కుకొని, వరుసలు కట్టి, వడ్లను కాళ్లతో దున్నుకుంటూ వాక్యం విన్నారు. పాటలు పాడుకుంటూ మళ్లీ దున్నారు. నేను దాన్ని అపజయమని లెక్కగట్టాను. మూడు ఊళ్లలోనూ ఇప్పటికీ “వడ్ల సభ” అని మురిపెంగా చెప్పుకునేది అదొక్కటే.

ఆ సాయంత్రం ఆమెను సూటిగా అడిగాను: “మన నిర్ణయం తప్పయితే దేవుని పేరు చెడిపోదా?”

ఆమె అరికాళ్లలో గుచ్చుకున్న ఊక దులుపుకుంటూ నవ్వారు. “గంత పెద్ద పేరు నువ్వు చెడగొడితే చెడుతదా? చెడిపోతదని నీ భయమంతా నీ పేరు గురించే. దానికి ఆయన పేరు అడ్డం పెడుతున్నవ్.” ఆ మాటకు నాకు కోపం వచ్చింది. వారం రోజులు ఫోను ఎత్తలేదు. తర్వాత నేనే చేశాను.

ప్రభువు రమ్మంటే పడవ దిగి నీళ్ల మీద నడవబోయి మునిగిన శిష్యుణ్ని ప్రసంగాలలో అల్పవిశ్వాసి అంటే ఆమె ఊరుకునేవారు కారు. “మునిగిండు, నిజమే. ప్రభువు చెయ్యి పట్టుకున్నదీ ఆయననే. పడవల కూసున్నోళ్లకు బట్టలు తడవలే, చెయ్యీ దొరకలే” అనేవారు.

ఇవన్నీ ఆ ముందుగదిలో నాకు గుర్తుకు వచ్చాయంటే అబద్ధమే అవుతుంది. గుర్తుకు వచ్చింది ఒకటే: ఎవరి మాట ఔనన్నా మిగిలిన రెండు ఊళ్లూ నన్ను క్షమించవని. మూడు ఊళ్ల సమాజం ఆ పెట్టె ముందే విడిపోతే, ఆమె జీవితమంతా కట్టినదాన్ని ఆమె పోయిన రోజునే కూల్చినదాన్నవుతాను. కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చిన్నదే. ఆమెన్ అని లేచాను.

“సూర్యాపేట. భర్త పక్కన. రేపు పొద్దున” అన్నాను.

కోదాడ కార్యదర్శి ముఖం తిప్పుకుంది. “ఏమోనండీ, మీరు చదువుకున్నోళ్లు” అంది. మా ప్రాంతంలో అంతకు మించిన తిట్టు లేదు.

మర్నాడు మేము సూర్యాపేట చేరేసరికి గోతి మోకాటిలోతులో ఆగిపోయి ఉంది. కింద బండ. పాస్టరు గారి సమాధికి ఆ పక్క వేరొకరి సమాధి, కాళ్లవైపు దారి, ఈ పక్క ఈ బండ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తున్నాయి. పెట్టె గేటు దగ్గరకు వచ్చేసింది. పాట మూడో చరణంలో ఉంది.

పెద్దాయన నా చెవి దగ్గరకు వచ్చి, “నేను నిన్ననే అన్న గదా మేడం, ప్రార్థనలో పెడదామని” అన్నారు. మూడు ఊళ్ల జనమూ నన్నే చూస్తున్నారు. నా నిర్ణయం అందరి కళ్ల ముందు, అక్షరాలా, బండకు తగిలింది. విచిత్రమేమిటంటే, ఇన్నేళ్లుగా నేను భయపడినది ఎదురుగా నిలబడ్డాక దాని ఎత్తు మోకాటికి మించి లేదు.

“నా నిర్ణయం తప్పింది. ఇంకొకటి చేస్తున్నాను. ఆయన తల దగ్గర తవ్వండి. అక్కడ మట్టి మెత్తగా ఉంది” అన్నాను.

“తల కాడనా?” పెద్దాయన అదిరిపడ్డారు. “భర్త భార్యకు శిరస్సని వాక్యం గదమ్మా, ఆ శిరస్సుకు పైన పెడితే ఎట్ల?”

“ఆయనకేమీ కొత్తగా ఉండదు లెండి” అన్నాను.

గడ్డపారలు కదిలాయి. పాట మొదటి చరణం నుంచి మళ్లీ ఎత్తుకున్నాం. తవ్వడం పూర్తయ్యేవరకు పాడాం. మట్టి పోసి, కొత్త దిబ్బ సరిచేసిన తర్వాత కోదాడ కార్యదర్శి బంతిపూల గంపతో నా పక్కకు వచ్చింది. నిన్నటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. కాసేపు రెండు సమాధులనూ మార్చిమార్చి చూసింది. మా సమాధులన్నీ కాళ్లు తూర్పుకు ఉంటాయి; పునరుత్థాన దినాన అందరమూ అటు ముఖంగా లేస్తామని మా నమ్మకం. పాస్టరు గారు ఎంత నెమ్మదస్తులో మూడు ఊళ్లకూ తెలుసు.

“మేడం గారూ, ఆ రోజున ఆయన లేచి, అటు పోవాలా ఇటు పోవాలా అని నిలబడతారు కదండీ? ఈవిడేమో సరిగ్గా వెనకాల లేస్తుంది. ఆయన వీపు మీద చెయ్యి పెట్టి...” అంది మెల్లగా.

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన వెనుదిరిగి మావైపు చూస్తున్నారు. ఆమె భుజాలు అదిరిపోతున్నాయి, చేతిలోని గంప ఊగుతోంది, బంతిపూలు వాటంతట అవే రెండు దిబ్బల మీదా రాలుతున్నాయి.