మూడు గోపాల విలాసులు

మొన్న ఆదివారం పొద్దున్న ఇంట్లో ఎవరికీ పొయ్యి వెలిగించే ఓపిక లేక, మా మనవరాలు ఫోనులో టిఫిను తెప్పిస్తానని కూర్చుని గోపాల విలాస్ అని కొట్టిందట. న్యూ గోపాల విలాస్, శ్రీ గోపాల విలాస్, ఒరిజినల్ గోపాల విలాస్ అంటూ ఆ అరచేతంత అద్దం మీద ఒకదాని కింద ఒకటి దిగాయి. వీటిలో అసలుది ఏది అమ్మమ్మా అని నన్ను అడిగింది. ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ పేరు చెవిన పడగానే గోంగూర మగ్గుతున్న పుల్లటి వాసన ముక్కుకి తగిలినట్టయి, ఇడ్లీలు వచ్చి చల్లారిపోయేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అది కాసేపు విన్నది, కాసేపు ఫోను చూసుకుంది. దాని తప్పేం లేదు, ఆ రోజులు దానివి కావు. మా ఈడు వాళ్లు మీరైతే వింటారని మళ్లీ మొదటినుంచి చెబుతున్నాను.

నేను అయిదో తరగతి దాకా చదివి, పదహారో ఏట పెళ్లయి, బందరు పక్కనుంచి హైదరాబాదు కాపురానికి వచ్చేటప్పటికి మా మామగారు అశోక్‌నగర్‌లో ఒక పెంకుటింటి ముందు వాటా కిరాయికి తీసుకుని భోజన హోటలు నడుపుతున్నారు. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో ఆఫీసులన్నీ ఇక్కడికి వస్తే, ఆఫీసుల వెనకాల గుమాస్తాలు వచ్చారు, గుమాస్తాల వెనకాల పప్పూ చారూ వండిపెట్టే మాలాంటి వాళ్లం వచ్చాం. మా ఆయన బషీర్‌బాగ్‌లో చిన్న ఉద్యోగం చేసేవారు. వంటింట్లో అత్తగారూ నేనూ, వడ్డనకి మామగారు. గుమ్మం పైన రేకు మీద ఎర్ర అక్షరాలతో ఆంధ్రా భోజన హోటల్ అని బోర్డు ఉండేది. ఆ ఆంధ్రా అన్న మాట చూసే మావైపు వాళ్లు సైకిళ్లు దిగేవారు.

వెనక వాటాలో ఇంటిగలావిడ ఉండేది. వాళ్లది నిజాం కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. భర్త పోయాక ఒక్కతే ఆ ఇంటినీ, ముందు వాటాలో ఉన్న మమ్మల్నీ కూడా ఏలుకుంటూ ఉండేది. మా అత్తగారికీ ఆవిడకీ పెరట్లో ఒకే కుళాయి, ఒకే రుబ్బురోలు. మొదట్లో ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేదట. ఆ మిగిలిన సగం గురించి పోట్లాడుకుని పోట్లాడుకునే వదినా వదినా అని పిలుచుకునేదాకా వచ్చారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని ఊరంతా లేచింది. అందులో న్యాయాన్యాయాలు చెప్పేంత చదువు నాకు లేదు. ఎవరి బాధ వాళ్లకి ఉంటుంది. మాకు తెలిసిందల్లా, ఏ మాట చూసి జనం లోపలికి వచ్చేవారో ఆ మాట చూసే ఇప్పుడు రావడం మానేశారని. ఒక సాయంత్రం ఎవరో విసిరిన రాయి బోర్డుకి తగిలి రేకు సొట్టపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ చప్పుడు మా మామగారి గుండెలో ఉండిపోయింది. మర్నాడు తలుపులు తియ్యలేదు. గంగాళాలు బోర్లించి గోనెసంచుల్లో కట్టడం మొదలుపెట్టారు. బందరులో మాకు సెంటు భూమి లేదు, తలదాచుకునే గోడ లేదు. అక్కడికి వెళ్లి ఏం చేస్తాం అని అత్తగారు ఒక్కసారి అడిగి, తనూ కూర్చుని మూతలకి మూతలు జత చెయ్యసాగింది.

ఆ చప్పుళ్లకి ఇంటిగలావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏంది పంతులుగారూ, గిన్నెలు మూటగడుతున్రు? రాయి రేకుకు తగిలితే మీరెందుకు గింత పరేషానైతున్రు? జర రంగు గొట్టి దేవుని పేరు రాయుండ్రి. దేవునికి ఏ జిల్లా ఉంటది?” అంది. అంతటితో ఆగలేదు. “నారాయణగూడల గోపాల విలాస్ ఉన్నది, చిక్కడపల్లిల గోపాల విలాస్ ఉన్నది. గా రెంటి దిక్కు ఎవలన్న చెయ్యెత్తిన్రా?”

నారాయణగూడ గోపాల విలాస్ ఉడిపాయనది. ఆ పేరు చెబితే చాలు, శుభ్రం, సాంబారు, స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ అని జనానికి ఒక నమ్మకం. చిక్కడపల్లిలో లైబ్రరీ దగ్గర ఉన్నది వేరే ఆయనది, ఇక్కడి మనిషే. ఆయనకీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు. జనం మాత్రం రెండూ ఒకరివే అనుకునేవారు. మా మామగారు తల అడ్డంగా ఊపారు. ఒకరి పేరు అడక్కుండా మనం ఎలా పెట్టుకుంటామండీ అన్నారు.

“చిక్కడపల్లాయన అడిగిండా? ఆయన కొడుకు పేరు గోపాలు, పెట్టుకున్నడు. గంత సిగ్గయితే మీరు గూడ కొడుకు పేరే పెట్టుకోరాదు?”

“మావాడి పేరు రాయాలంటే మీ గోడ చాలదు వదినా, పక్కింటి గోడ కూడా కిరాయికి తీసుకోవాలి,” అంది అత్తగారు మూతలు తుడుస్తూనే. ఇంటిగలావిడ ఒక్కతే నవ్వింది. మా మామగారి మొహంలో గీత కదలలేదు.

అయినా ఆ వారం బోర్డుకి రంగు పడింది. మూడో గోపాల విలాస్ అలా పుట్టింది. మొదటిది దేవుడి మీద భక్తితో పెట్టిందని అనుకునేవాళ్లం, రెండోది కొడుకు మీద ముద్దుతో పెట్టింది, మాది ఒట్టి భయంతో పెట్టింది. మామగారు మాత్రం అత్తగారితో ఆ రోజే చెప్పేశారు. ఆ ఉడిపాయన ఎప్పుడైనా వచ్చి తీసెయ్యమంటే ఆ పూటే తీసేస్తాను, ఇంకో పేరు వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు, ఆ రాత్రే బందరు బండెక్కుదాం అని. ఆ మాట విన్నప్పటినుంచీ, ఉడిపాయన గొడుగు లేకుండా కదలరని విని ఉన్నాను కనక, బయట గొడుగు పట్టుకుని ఎవరు కనిపించినా లోపలికి పరిగెత్తి అత్తగారికి చెప్పేదాన్ని.

పేరుకి ఉన్న బలం ఎంతటిదో అప్పుడు చూశాను. జనం వచ్చారు. వచ్చి మసాలా దోసె అడిగారు. మాకు పప్పు తెలుసు, పులుసు తెలుసు, పచ్చళ్లు తెలుసు. మసాలా దోసె తెలీదు. అత్తగారు వెనక్కి తగ్గే మనిషి కాదు కనక, అట్టు పోసి మధ్యలో బంగాళాదుంప కూర పెట్టి మడిచి పంపించింది. ఇది దోసెనా దిండా అమ్మా, జర పల్చగ పొయ్యరాదా అని ఒకాయన లోపలికి వినపడేట్టు అడిగాడు. కానీ అదే మనిషి పక్క విస్తట్లో గోంగూర పచ్చడి చూసి, అన్నం పెట్టించుకుని తిని వెళ్లాడు. అలా అలవాటు పడ్డవాళ్లే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక తెల్లటి పంచె, నుదుట గంధం బొట్టు, చంకలో గొడుగు ఉన్న పెద్దమనిషి మా బోర్డు కింద నిలబడి తలెత్తి చదువుతున్నారు. నారాయణగూడలో గల్లాపెట్టె దగ్గర ఆయన్ని చూసి ఉన్నారు కనక మా మామగారు గుర్తుపట్టారు. చేతిలో చెంబు కింద పెట్టి, లేచి, కండువా సర్దుకుని ఎదురు వెళ్లారు. అత్తగారు నా మణికట్టు పట్టుకుని తెర వెనక నిలబడింది. ఆ పట్టు ఇప్పటికీ తెలుస్తోంది నాకు.

ఆయన కూర్చుని మంచినీళ్లు తాగి, కన్నడం కలిసిన తెలుగులో నెమ్మదిగా మొదలుపెట్టారు. “స్వామీ, మీ వల్ల నాకు పెద్ద కష్టం వచ్చింది.”

మామగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“దినామూ ఎవరో వచ్చి కూర్చుంటారు. గోంగూర పచ్చడి ఏదీ అంటారు. లేదు అంటే, మీ అశోక్‌నగర్ బ్రాంచిలో పెడతారు, ఇక్కడ పెట్టరా అని కోపం చేస్తారు. సరే, నేర్చుకుందాం అనుకున్నాను. అంతలో ఇంకొకాయన వచ్చి పుంటికూర పచ్చడి కావాలి అంటాడు. ఒక్కటైతే ఏదో చేస్తాను. రెండు రెండు పచ్చళ్లు నేను ఎట్లా చేసేది?”

అప్పటికే పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఇంటిగలావిడ నుదురు కొట్టుకుంది. “అయ్యో సామీ, రెండెక్కడియి? వాళ్లు గోంగూర అంటరు, మేం పుంటికూర అంటం. ఆకు ఒక్కటే!”

తెర వెనక మా అత్తగారు నా మణికట్టు వదిలేసి, నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగక, పెద్దగా నవ్వేసింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు విని నెలలైంది. ఉడిపాయన వీళ్లనీ వాళ్లనీ మార్చి మార్చి చూసి, విషయం బుర్రకెక్కి, ఆయనా నవ్వారు. చంకలో గొడుగు జారి కింద పడింది.

నవ్వులయ్యాక మామగారు పేరు సంగతి తనే ఎత్తారు. అడక్కుండా పెట్టుకున్నాను, మీరు తీసెయ్యమంటే తీసేస్తాను అన్నారు. ఆయన చెయ్యి ఆడించారు. “పేరు నాదా స్వామీ? బొంబాయిలో నేను పిండి రుబ్బిన హోటలు పేరది. నేనూ అడగలేదు. ఒకటే మాట. మీ అన్నం మాడితే నా పేరు పోతుంది, నా సాంబారు పులిస్తే మీ పేరు పోతుంది. అంతే, జాగ్రత్తగా ఉందాం.” అని, ఆ పుంటికూరో గోంగూరో ఏదో ఒకటి వడ్డించమని విస్తరి వేయించుకున్నారు.

అప్పటిదాకా విప్పకుండా ఉంచిన గోనెసంచుల్లోంచి మిగతా గంగాళాలు కూడా బయటికి వచ్చాయి. మా జాడీలో గోంగూర వారం వారం చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వెళ్లేది. అక్కడినుంచి దోసెల పెనమూ, అది ఎలా తుడవాలో చూపించడానికి ఒక వంటాయనా వచ్చారు. గొడవలు సద్దుమణిగాక, ఇక పాత పేరు రాయించుకుందామా నాన్నా అని మా ఆయన అడిగారు. మామగారు ఒప్పుకోలేదు.

చాలా ఏళ్లకి, ఒక ఎండాకాలంలో ఉడిపాయన పోయారు. ఆ కబురు మాకు ఎలా తెలిసిందనుకున్నారు? పొద్దున్నే ఎవరెవరో మా హోటలుకి వచ్చి, మీ పెద్దాయన పోయిండట గదా అని మా మామగారి చేతులు పట్టుకుంటుంటే తెలిసింది. మాకూ ఆయనకీ బంధుత్వం లేదండీ అని మా ఆయన ఒక్కొక్కరికీ చెప్పబోయారు. మామగారు ఆయన్ని వారించి, పొయ్యి ఆర్పించి, తలుపులు వేయించి, పెరట్లోకి వెళ్లి కట్టుబట్టలతో కుళాయి కింద కూర్చున్నారు.

“మనకి మైలేమిటండీ? ఇంటిపేరు కలిసిందా, గోత్రం కలిసిందా?” అంది అత్తగారు.

“పేరు కలిసింది కదే,” అన్నారాయన నీళ్లలోంచే.

ఆయన తరవాత ఆవిడా, ఆవిడ తరవాత నేనూ తలస్నానం చేశాం.

ఆ మూడు హోటళ్లూ ఇప్పుడు లేవు. ఇప్పుడు మనవరాలి ఫోనులో కనిపించేవి ఎవరివో నాకు తెలీదు. పేరు కోసం కోర్టుల దాకా వెళుతున్నారంటారు. ఎవరి కష్టం వాళ్లది, తప్పు పట్టను. ఇప్పుడు మేముంటున్న అపార్టుమెంటులో ఎదురు తలుపు వాళ్ల పేరేమిటో నాకు సరిగ్గా తెలియదు, నా పేరు వాళ్లకి తెలియదు. రేపు వాళ్లింట్లో ఏదైనా జరిగితే నాకు స్నానం ఉందో లేదో అడిగి చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఉడిపాయన పోయిన ఆ రోజు నేను తడి జుట్టు ముడేసుకుని పెరటి అరుగెక్కుతుంటే, ఇంటిగలావిడ తన గుమ్మంలో కూర్చుని తల తుడుచుకుంటోంది. మీకెందుకండీ స్నానం అని అడిగాను.

“బోర్డు రాయమన్నది నేనే గద బిడ్డా,” అంది.