ఆయుధపూజకు ఆగిన కొలిమి

బదిలీల మీద బతికిన ఆ ఏళ్లలో, లాస్‌పేటలోని ఓ కాలేజీ ల్యాబులో నేను గ్యాస్ సెన్సర్ తయారుచేసేవాణ్ణి. ఫ్యూయల్ సెల్‌లో వాడే పింగాణీ బిళ్లే దానికి ముక్కు. ఎనిమిది వందల డిగ్రీల వేడిలోనూ పొగగొట్టంలోని వాయువుల్ని అది పసిగట్టాలి. కాకపోతే మహా సుకుమారి, ఉన్నట్టుండి చల్లారితే పగిలిపోతుంది.

ఆరు నెలలకు ఒక బిళ్ల కుదిరింది. ల్యాబులోని కరెంటు కొలిమిలో పెట్టి మూడు రోజుల పరీక్ష మొదలుపెట్టాను. రెండో రోజు పొద్దున వెళ్తే కొలిమికి బంతిపూల దండ, గంధం, కుంకుమ. స్విచ్చి మాత్రం ఆపేసి ఉంది.

"ఎవరండీ ఆపింది?"

"నేనే సార్," అన్నాడు అటెండరు, నా చేతిలో బొరుగులు పోస్తూ. "ఈపొద్దు ఆయుధపూజ గదా, మిషన్లకు రెస్టు ఇయ్యాల. పాపం, నిన్నట్నించీ కాల్తా ఉండాది."

లోపల బిళ్ల మూడు ముక్కలైంది. ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. ఆయన చక్కగా విచారించి, అటెండరు భక్తిని మెచ్చుకుని, పండగపూట అనుమతి లేకుండా కొలిమి నడిపినందుకు నన్ను సంజాయిషీ అడిగారు. కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి మరీ ఇచ్చాను.

వారం తిరక్కుండా యానాం బదిలీ. అక్కడి కాలేజీలో కొలిమే లేదు. నాకు ఏడాది పొడుగునా ఆయుధపూజే.