జింకును మించిన మేకు

ముదినేపల్లి దగ్గరి హైస్కూల్లో నజ్నీన్ భౌతిక, రసాయన శాస్త్రాల టీచరు. రోజూ ఏలూరు నుంచి బస్సులో వచ్చేది. ప్రయాణం కన్నా హెడ్మాస్టరు చలపతిరావు గారే ఆమెను ఎక్కువ అలసిపోయేలా చేసేవారు. యాసిడ్ సీసా పేరెత్తితే ఆయనకు హడలు.

"లోహాల చర్యాశీలతేగా అండీ, బోర్డు మీద రాసేయండి. పరీక్షలో అడిగేది అదేగా," అనేవారు, ఎంతో మర్యాదగా.

ఏళ్ల తరబడి అలాగే రాసింది. యాసిడ్‌తో ఎక్కువ జోరు చూపేది ముందు, అసలు చూపనిది చివర: మెగ్నీషియం, జింకు, ఇనుము, రాగి. పిల్లలు పద్యంలా అప్పజెప్పేవారు. ఏది ఎందుకు ముందో ఒక్కరికీ తెలీదు. చివరికి ఈ ఏడు ఆయన్ని పోరి పోరి ఒప్పించింది. ల్యాబులో మేకులు లేకపోతే ఏలూరులో కొని తెచ్చుకుంది.

నాలుగు టెస్ట్‌ట్యూబుల్లో నీళ్లు కలిపిన యాసిడ్ పోసి నాలుగు లోహాలూ వేసింది. మెగ్నీషియం బుస్సున పొంగింది. రాగి ఉలకలేదు, పలకలేదు. జింకు బద్ధకంగా రెండు బుడగలు వదిలింది. ఇనప మేకు మాత్రం నురగలు కక్కింది!

"ఇనుమే గెలిచిందండీ! పుస్తకంలో తప్పు రాశారాండీ?" అని ఉదయ్ కిరణ్ అరిచాడు. క్లాసంతా చప్పట్లు. నజ్నీన్ ఇంకో మేకు వేసింది. అదీ అంతే. కిటికీలోంచి చలపతిరావు గారు, "నే చెప్పానా అండీ," అన్నారు.

"నోళ్లు మూసుకుని చూడండి!" అని ఆమె పిల్లల మీద విరుచుకుపడింది. ఆ మాట ఎవరికి తగలాలో ఆమెకు తెలుసు.

ట్యూబు మీంచి చూపు తిప్పని ఐశ్వర్య, "టీచర్, మేకు మీద నురగ తగ్గిపోయిందండీ. మెరుపు కూడా పోయిందండీ," అంది.

మేకు బయటికి తీసి చూసి నజ్నీన్ నాలుక కరుచుకుంది. తుప్పు పట్టకుండా దానికి జింకు పూత పూశారు. ఇంతసేపూ పొంగింది ఆ పూతే.

"మా నాన్నగారు ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవారు. ఆయన కూతుర్నయ్యుండి పూత పోల్చుకోలేకపోయాను, చూడండి," అంది విసుగ్గా. కొత్త మేకును పూత పోయేదాకా ఆకురాయితో రాకింది. పైన మాసిపోయి అందుకే బద్ధకించిన జింకు ముక్కనూ గరుకు కాగితంతో రుద్దింది. ఈసారి జింకు జోరుగా పొంగింది. మేకు మీద బుడగలు ఒక్కొక్కటిగా లేచాయి.

మర్నాటి నుంచి కొత్త తలనొప్పి. అల్యూమినియం మూత, తలుపు బందు, సైకిల్ నట్టు, చెరువు గట్టున దొరికిన తుప్పు గొలుసు, ఇలా ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకొచ్చి యాసిడ్‌లో వేయమని వెంటపడ్డారు. ఐశ్వర్య గుప్పిట విప్పింది. వెండి మెట్టె.

"మా అమ్మదండీ. అడగలేదండీ."

నజ్నీన్ తల పట్టుకుంది. "ముందు తీసుకెళ్లి అమ్మకిచ్చెయ్యి తల్లీ. వెండి ఈ యాసిడ్‌లో కదలదు, వేయక్కర్లేదు."

"వేస్తేనే కదండీ తెలిసేది?"