బావ కుర్చీ ముందు అంకెల పలక

మొన్న ఆదివారం మా బస్తీ గ్రంథాలయం వాళ్లు చిరిగిన పుస్తకాలను పాతసామాను వాడికి వేయడానికి మెట్ల మీద పేరిస్తే, వాటిలో అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు కంప్యూటర్ పుస్తకం నా కంటపడింది. అంచుల్లో పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసి ఉన్నాయి; ఆ రాత నాదే. పదిహేను రోజులకని తెచ్చుకుంటే, లాక్‌డౌన్‌లో గ్రంథాలయానికి తాళం పడి, అది ఏడాదికి పైగా నా దగ్గరే ఉండిపోయింది. ఏడో తరగతితో బడి మానేసి ఇక్కడి సూరత్ మగ్గాల కార్ఖానాలో వైరింగ్ పనికి కుదిరిన నాకు ఒకే పుస్తకంతో అంతకాలం కాపురం చేసే భాగ్యం మళ్లీ కలగలేదు.

ఆ రోజుల్లో మా బావకు, అంటే అక్క భర్తకు, కరోనా వచ్చి తగ్గింది గానీ వెనకటి ఊపిరి తిరిగి రాలేదు. లాక్‌డౌన్ సడలి మా కార్ఖానా తెరిచారు; అక్కడ బావలా పన్నెండు మగ్గాలు చూసుకునే మనిషి వాటి మధ్య తిరుగుతూనే ఉండాలి. ఆ చప్పుడులో ఏ మగ్గం ఆగిందో చెవికి తెలియదు, కంటితోనే పట్టుకోవాలి. బావ రెండు చుట్లు తిరిగి గోడ పట్టుకునేవాడు. కార్ఖానా యజమాని సేఠ్ చెడ్డవాడు కాదు. ఒక నెల చూస్తానని, ఆపైన ఊరికి పంపక తప్పదని అన్నాడు. ఊళ్లో బావకు మగ్గమూ లేదు, ఇల్లూ లేదు, బిడ్డ చదువేమో ఇక్కడ గుజరాతీలో సాగుతోంది.

మగ్గం ఆగగానే దాని అంకె బావ కుర్చీ ముందు వెలిగితే ఆయన తిరగనక్కర లేదు కదా అనిపించి, పాతసామాను బజారులో అరచేతిలో పట్టే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను. పుస్తకం చూసి ప్రోగ్రాం రాశాను. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద అది చక్కగా నడిచింది, బోర్డులో వేస్తే ఉలుకూ పలుకూ లేదు. వైరు మార్చాను, కరెంటు మార్చాను, బోర్డు అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. అలా పది రోజులు పోయాయి.

మా అక్క అదే కార్ఖానాలో, కొత్త బీము, అంటే పడుగు చుట్టిన రోలు, మగ్గమెక్కే ముందు దాని పోగులను ఒక్కొక్కటిగా దువ్వెనలాంటి అచ్చులోంచి దూర్చి తీసే పని చేసేది. అన్నం వేళ నా గోడు విని చెయ్యాపకుండానే అడిగింది.

“ఇంట్ల నడుస్తది, బోర్డుల నడువదా? ఏ లెక్కన చేసినవ్‌రా తమ్మీ, ఇంట్ల కంప్యూటర్ లెక్కనా, బోర్డు లెక్కనా? నేను గీ స్టాండు కాడ కూసోనే పోగులు తీస్త, గని ఏ మగ్గమెక్కుతదో దాని లెక్కన తీస్త. గన్ని బుక్కులు చదివినవ్, గిది తెల్వదా?”

సిగ్గుపడి, నాకు పనికిరాదని వదిలేసిన అధ్యాయం తెరిచాను. ఒక యంత్రం మీద కూర్చుని వేరే యంత్రానికి ప్రోగ్రాం తయారు చేయడం గురించే అదంతా. అంకె వెలిగించడానికి ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, కావాలి, దానికి ఇంకొకటి కావాలి, అన్నీ బోర్డు లెక్కనే తయారవ్వాలి. చేత్తో చేయబోతే ఒకటి దొరికేసరికి ఇంకొకటి తప్పిపోయేది. చివరికి ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాం పెట్టుకుని, ఒక చిన్న ఫైల్లో బోర్డు ప్రాసెసర్ పేరూ, మన రాతను దాని భాషలోకి మార్చే కంపైలర్ పేరూ రాసిస్తే, కావలసినవన్నీ అదే తెచ్చి వరుసగా తయారు చేసింది. పొద్దున్నే డాబా మీద ఫోను పెట్టి ఆ నెట్‌తో దింపుకునేవాణ్ని; ఆ రోజు నెట్ అయిపోతే మిగతాది మర్నాడే.

నెల నిండడానికి రెండు రోజుల ముందు బోర్డు పలికింది; మగ్గాల నుంచి దానికి వైర్లు లాగి, అంకెలు వెలిగే పలక గోడకు బిగించి, దాని ముందు కుర్చీ వేశాను. బావ కూర్చోనంటే కూర్చోనన్నాడు.

“కుర్చీల కూసోని మగ్గాలు నడిపెటోన్ని ఎన్నడన్న చూసినవా బామ్మర్దీ? నన్ను సేఠ్‌ను చేస్తున్నవా ఏంది?”

అంతలో పలక మీద ఏడు వెలిగింది. బావ లేచి, నేరుగా ఏడో మగ్గం దగ్గరికి నడిచి, తెగిన పోగు ముడివేసి, వచ్చి కూర్చున్నాడు. గోడ పట్టుకోలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సేఠ్ “ఠీక్ హై, బైఠో” అని, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అక్క మాత్రం మా వైపు చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

బిడ్డ చదువు ముగిసేదాకా బావ ఆ కుర్చీలోనే పని చేశాడు. ఇప్పుడు కార్ఖానాల్లోకి కంప్యూటర్ తెరలతో సహా కొత్త మగ్గాలు వస్తున్నాయి, ఎవరూ ఏదీ తయారు చేసుకోనక్కర లేదు, మంచిదే. కాకపోతే అవి మగ్గం ఎంత వేగంగా నడుస్తుందో చెబుతాయి గానీ, దాని ముందున్న మనిషి ఎంత దూరం నడవగలడో ఎవరూ అడిగి చేసినట్టు ఉండవు.