కాళేశ్వరం పడవలో కల్లు టికెట్టా, వట్టి టికెట్టా?

దసరా వెళ్లిన నాలుగో నాడు పొద్దున్నే బచ్చన్నపేటలో బస్సెక్కాను. చేతిలో తోలు సంచి, అందులో రెండు జతల బట్టలు, బట్టల మధ్య ధోవతిలో చుట్టిన ద్రాక్షసారాయి సీసా ఉన్నాయి. మా నాయన బతికి ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి తెప్పించిన పెట్టెలో మిగిలింది ఆ సీసా ఒక్కటే. జనగామ దాకా రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా సంచిని ఒళ్లోకి ఎత్తుకున్నాను.

ఈ ప్రయాణం నా కోరిక మీద మొదలైనది కాదు. మా చెల్లె శకుంతలను మానుకోటలో ఇచ్చాము. సర్కారు కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారు కాని మా దిక్కు ఎవరూ అలా అనరు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జరిగిన ఏడాది రైళ్లు ఆగిపోయి ఆమె, ఆమె భర్త రాంరెడ్డి వారం రోజులు మా గడిలో, అంటే మా దొరల ఇంట్లో ఉండిపోయారు. ఆ వారంలో ఒకనాడు నలుగురి ముందు రాంరెడ్డి, "మీ గడి కల్లు పలచబడ్డది బావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నలుగురూ నవ్వారు. పలచబడ్డది కల్లు ఒక్కటే కాదని ఆ నలుగురికీ తెలుసు. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. మూడేళ్లు మాటల్లేవు. మూడు బతుకమ్మలకు చెల్లె పుట్టింటికి రాలేదు.

మా దిక్కు మాటలు తెగిన ఇద్దరిని కలపాలంటే పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే కుండలోని కల్లు పోయిస్తారు. నన్ను కూర్చోబెట్టే పెద్దమనిషి మా ఊళ్లో లేడు. రాంరెడ్డి మా ఇంటికి రాడు, నేను వాళ్లింట తాగను. అందుకని చెల్లె కబురు పంపింది: "గోదావరి ఎవరి ఇల్లు కాదు గద. కాళేశ్వరంల పడవ షికారు ఉన్నదట. ఆడ ఇద్దరు ఒక్క కుండల తాగి లేస్తె నేను మనింటికొస్త. లేకుంటె ఇగ రాను."

దసరా తర్వాత కర్ర కాంట్రాక్టరు ఒకాయన కాళేశ్వరంలో పడవలు నడిపిస్తాడు. టికెట్లు రెండు రకాలు. కల్లు టికెట్ మూడు రూపాయలు, వాళ్లే కడుపునిండా పోస్తారు. వట్టి టికెట్ రూపాయిన్నర, ఎక్కి కూర్చోవడం వరకే. పదిమందికి పోసే కుండలో మా ఇంట ఎవరూ తాగలేదు. మా చెట్టు వేరు, మా కుండ వేరు. కాబట్టి వట్టి టికెట్ కొని, ఇద్దరం నా సీసాలోది తాగితే చెల్లె మాట చెల్లుతుందని నా లెక్క. సీసా అయినా కుండ అయినా ఒక్కటైతే చాలు కదా అనుకున్నాను.

జనగామ స్టేషన్‌లో ప్యాసింజరు గంట ఆలస్యంగా వచ్చింది. మూడో తరగతి పెట్టెలో జాగా దొరికింది కాని కూర్చుంటే సంచి నలుగుతుందని నిలబడ్డాను. పక్కన ఒక కంసాలి, నిరుడు ఆ పడవ ఎక్కినవాడట. సొంతది తెచ్చుకోనిస్తారా అని అడిగాను. "బాజాప్తా తెచ్చుకోవచ్చు దొరా, ఎవ్వలేమంటరు?" అన్నాడు. మనసు కుదుటపడింది. కాజీపేటలో బండి మారాను. స్టేషన్ గోడ పక్క హోటల్లో పూరీ, ఆలుగడ్డ కూర బాగున్నాయి, ఆకలి వేసినవాళ్లు అక్కడ తినవచ్చు.

మధ్యాహ్నానికి మానుకోటలో దిగాను. వరంగల్లు దాటి ఇంత దూరం రావడం దారి తప్పడమే, ఎందుకంటే కాళేశ్వరం బస్సులు హనుమకొండ నుంచే పోతాయి. కాని ఇంటి అల్లుణ్ని వాళ్లింటికి పోయి పిలవడం మర్యాద. మాటలు లేకపోయినా మర్యాద పోదు.

చెల్లె కాళ్లకు నీళ్లిచ్చి నా మొఖం చూడగానే పట్టేసింది. "తినొచ్చినవా అన్నా? మా ఇంట్ల బియ్యం లెవ్వనుకున్నవా?"

రాంరెడ్డి మిర్చి బస్తాల మధ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాకు నాలుగు అడుగుల దూరం.

"శకుంతలా, మీ అన్నకు చెప్పు. కల్లు టికెట్లు రెండు చెప్పి పెట్టిన" అన్నాడు.

"మీ ఆయనకు చెప్పు. నాది నేను తెచ్చుకున్న" అన్నాను.

"మీ అన్నకు చెప్పు. సొంతది ఎక్కనియ్యరట, పడవ టికెట్ల ఏజెంటన్నడు."

చెల్లె నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేనేం తపాల డబ్బనా? ఎదురుంగనే కూసున్నరు గద!"

ఇద్దరమూ తలుపు దిక్కు చూశాము. కంసాలి మాట నమ్మాలా, ఏజెంటు మాట నమ్మాలా తేలలేదు. సీసాను సంచిలోనే ఉంచాను.

మరునాడు తొలి బండికి ముగ్గురం వరంగల్లు వచ్చి, హనుమకొండలో కాళేశ్వరం బస్సు ఎక్కాము. చెల్లె మధ్యలో కూర్చుంది. పరకాలలో చాయకు ఆపారు. రేగొండలో ఒక రైతు ఎక్కాడు. ఎల్లయ్య అని పేరు చెప్పాడు. ఆయనా ఆ పడవకే పోతున్నాడు. చేతిలో గుడ్డ చుట్టిన చెంబు ఉంది, అందులో చాయ ఉందట. నా సందేహం ఆయన ముందు పెట్టాను.

"ఎక్కనిస్తరు దొరా. గని సగం గంగమ్మ పాలని గుంజుకుంటరు. అందుకే నేను చాయ తెచ్చుకున్న. గంగమ్మ చాయ తాగదు."

ఇది మూడో మాట. రాంరెడ్డి కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్పిన గద" అన్నాడు. ఆయన చెప్పింది అది కాదు. కాని ఆ సంగతి ఆయనతో అనడానికి మాటలు ఉండాలి కదా.

భూపాలపల్లిలో దిగి అన్నం తిన్నాము. చిన్న ఊరు, ఒకటే హోటలు. పప్పు, పచ్చిపులుసు, ఎండుచేపల వేపుడు పెట్టారు. అక్కడి నుంచి అడవి మొదలైంది. టేకు చెట్ల మధ్య రోడ్డు ఎర్రగా ఉంది. మహదేవపురం దాటి కాళేశ్వరం చేరేసరికి ఎండ తగ్గింది. గుడి దగ్గరి సత్రంలో గది తీసుకున్నాము. చాపలు వాళ్లే ఇస్తారు, బిందె మనమే అడిగి తెచ్చుకోవాలి.

తెల్లవారి సంగమంలో స్నానాలు, దర్శనం అయ్యాక చెల్లె గట్టు మీద కూర్చుంది. మేమిద్దరం పడవల దగ్గరికి నడిచాము. రెండు పడవలను గెడలతో జతగా కట్టారు. మధ్యలో మనిషి బారెడు సందు, ఆ సందులో నీళ్లు ఉన్నాయి. బల్ల దగ్గరి గుమాస్తాను నేనే అడిగాను.

"సొంతది తెచ్చుకుంటే పర్వాలేదా?"

"మీ ఇష్టం. గని వట్టి టికెట్లు ఆ పడవల, కల్లు టికెట్లు ఈ పడవల."

నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ రెండో దానితో కలవలేదు. రాంరెడ్డి అప్పటికే కల్లు టికెట్లు రెండూ తీసుకుని, ఒకటి బల్ల మీద నా ముందు పెట్టాడు. తీసుకుంటే అది ఆయన పోయించినట్టు. వదిలేస్తే చెల్లెను వదిలేసినట్టు. సంచిలో సీసా బరువు తెలుస్తున్నది. వెనక మనుషులు తోస్తున్నారు. ఆలోచన తెగక ముందే నా చెయ్యి జేబులోకి పోయి రూపాయిన్నర తీసింది. రాంరెడ్డి రెండో టికెట్ వెనక్కి ఇచ్చేసి పైసలు తీసుకున్నాడు.

అలా ఆయన ఒక పడవలో, నేను మరో పడవలో ఎదురెదురుగా కూర్చున్నాము. గెడవాళ్లు తోశారు. నది వెడల్పుగా, మట్టిరంగుగా ఉంది. ఆవలి ఒడ్డు మహారాష్ట్ర, అక్కడి గేదెలు ఇక్కడికి చీమల్లా కనిపిస్తాయి. నడిమిట్లోకి వెళ్లాక కల్లు పోసే మనిషి ముందుగా గంగమ్మకు సాకగా కొంచెం కల్లు నీళ్లలోకి పోసి దండం పెట్టాడు. తర్వాత తాటాకు రేకలు పంచాడు. రేక అంటే దోనెలా మడిచిన ఆకు. రెండు చేతులా పట్టి, మూతికి ఆనించి, నడుం వంచాలి. పోసేవాడు వేరే ఉండాలి. ఎంతటివాడైనా తనకు తాను పోసుకోలేడు.

నేను సీసా తీశాను. ధోవతి మడతలు విప్పాను. అప్పుడు చూశాను, దాని బిరడా తీసే సాధనం నా దగ్గర లేదు. మా నాయన సీసా అడిగితే తెరిచిన సీసానే వచ్చేది. దాన్ని ఎవరు తెరిచేవారో, దేనితో తెరిచేవారో ఎన్నడూ చూడలేదు. పెట్టె తాళంచెవితో పొడిచాను. బిరడా పైసగం పొడిపొడిగా రాలింది. కిందిసగం కదల్లేదు.

పక్కనే చాయ తాగుతున్న ఎల్లయ్య చాలాసేపు చూశాడు. "తాళంచెవితోని తలుపు తీస్తరు గని, సీస తీస్తరా దొరా?"

రెండు పడవల్లోనూ నవ్వు పుట్టింది. చెవులు కాలాయి. అవతలి పడవలో రాంరెడ్డి మాత్రం నవ్వలేదు. ఆకాశం దిక్కు చూస్తూ, "జర ఎవలన్న చెప్పుండ్రి, బిరడను లోపటికి నూకుమని" అన్నాడు.

నేను ఎల్లయ్యతో, "నూకితే పొట్టంతా లోపల పడతదని ఆయనకు చెప్పు" అన్నాను.

"నాకెందుకు దొరా? ఆయన చెవులు గీడనే ఉన్నయి" అని ఎల్లయ్య చెంబు వైపు తిరిగాడు.

మాట అటు ఇటు తీసుకుపోవడానికి చెల్లె లేదు. పడవ పోతూనే ఉంది. ఆవలి ఒడ్డు దగ్గర మళ్లించి తిరుగుముఖం పట్టారు. ఇంకొంత సేపటికి కాళేశ్వరం గట్టు వస్తుంది, చెల్లె లేచి నిలబడి మా మొఖాలు చూస్తుంది. సందు మీదుగా సీసాను రాంరెడ్డి వైపు చాపాను.

ఆయన కల్లు పోసేవాడి దగ్గర కత్తి అడిగి తీసుకుని, పిడితో ఒక్క పోటు పొడిచాడు. బిరడా లోపలికి పోయింది. భుజం మీది తువ్వాలు సీసా మూతికి కట్టి, తన రేకను నాకిచ్చాడు.

"రేక పట్టు బావా."

మూడేళ్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నా సీసాలోది ఆయన పోయడమేమిటని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ముగించే తీరిక ఆయన ఇవ్వలేదు, పోశాడు. వంగకపోతే అంగీ మీద పడేది. సందు మీదికి వంగి తాగాను. పుల్లగా, వగరుగా ఉంది. గొంతు దిగాక ఎండు తుమ్మచెక్క వాసన వచ్చింది. మళ్లీ రేక ఆయన పట్టాడు, నేను పోశాను. ఆయన నోట్లో కాసేపు ఉంచుకుని మింగాడు.

"ఇది గిట్లనే ఉంటదా బావా, లేకుంటె చెడిపోయిందా?"

రెండు పడవలూ నా జవాబు కోసం చూశాయి. మా ఇంటి సీసా అది. ఇట్లనే ఉంటుందని ఒక్క మాట అంటే ఎవరు కాదంటారు?

"నాకు సుత ఎరుక లేదు" అన్నాను. "నేనెన్నడు తాగలె."

రాంరెడ్డి నా మొఖంలోకి చూశాడు. అప్పుడు నవ్వాడు. పొట్ట పట్టుకుని, పడవ ఊగేటట్టు నవ్వాడు. నాకూ వచ్చింది. ఎందుకు నవ్వుతున్నామో ఇప్పటికీ సరిగా చెప్పలేను. తర్వాత ఆయన తన వంతు కల్లు అదే రేకలో నాకు పోయమన్నాడు. కల్లు మనిషి ఒప్పుకోలేదు.

"ఆయనది వట్టి టికెట్ పటేలా."

"రేక నాది. నోరు ఎవలదైతే నీకేంది? పొయ్యి."

పోశాడు. పదిమంది కుండలోది తాగాను. చల్లగా ఉంది.

గట్టున దిగగానే చెల్లె ఎదురొచ్చింది. "తాగిండ్రా? ఒక్క కుండలనేనా?"

నేను రాంరెడ్డిని చూశాను, ఆయన నన్ను చూశాడు. సీసా నాది, పోసింది ఆయన. కుండ కాంట్రాక్టరుది, టికెట్ ఆయనది. పడవలు రెండు, రేక ఒక్కటి. ఇది ఒక్క కుండ కిందికి వస్తుందో రాదో ఇద్దరికీ తెలియలేదు.

"తాగినం" అన్నాడు రాంరెడ్డి.

"అడిగింది గది కాదు" అని చెల్లె సత్రం దిక్కు నడిచింది. ఆ సాయంత్రం కాని, మరునాడు పొద్దున బస్సులో కాని ఆ ఊసు ఎత్తలేదు. భూపాలపల్లి, రేగొండ, పరకాల దాటిపోయాయి. ఈసారి ఆమె వెనక సీట్లో ఆడవాళ్లతో కూర్చుంది. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని మిర్చి ధర, పత్తి పురుగు గురించి మాట్లాడుకున్నాము. నా చెవులు మాత్రం వెనక సీటు మీదే ఉన్నాయి.

వరంగల్లు స్టేషన్‌లో దారులు చీలుతాయి. మానుకోట బండి ఒక దిక్కు, జనగామ బండి ఒక దిక్కు. టికెట్లకు పోయిన రాంరెడ్డి తిరిగొచ్చి ఒకటి నాకు, ఒకటి చెల్లెకు ఇచ్చాడు. ఆమె ఆ అట్ట ముక్క మీద జనగామ పేరు చూసి సంచి భుజానికి వేసుకుంది.

"వారానికి నేనే వచ్చి తోల్కపోత బావా" అన్నాడు. మా ఇంటికి వస్తానని ఆయన అంతకు మించి చెప్పలేదు, నేనూ అంతకు మించి అడగలేదు.

ఆ పడవ ఎక్కాలనుకునే వారికి ఏ టికెట్ మంచిదో చెప్పడం ధర్మం. కల్లు టికెట్ కొంటే కల్లు దొరుకుతుంది కాని, ఎవరి చేతిది తాగుతామో మన చేతిలో ఉండదు. వట్టి టికెట్ కొంటే మనది మనం తాగవచ్చు కాని, పోసేందుకు మనిషి దొరకాలి, బిరడా తీసే సాధనం కూడా తెచ్చుకోవాలి. నేను రెండూ చూశాను. మళ్లీ పోతే ఏది కొంటానో నాకే తెలియదు. ఒక్కరే పోయేవారికి ఏదైనా ఒకటే అనుకుంటాను.

బండి కాజీపేట దాటాక ఉండబట్టలేక అడిగాను. "చెల్లే, అది ఒక్క కుండ కిందికే వచ్చిందా మరి?"

"నాకేమెరుక అన్నా? నేను తాగిన్నా?" అంది. సంచి కింద పెట్టి నా మోకాలు తట్టింది. "జర అటు జరుగు. కిటికి పక్కకు నేను కూసుంట."

నేను జరిగాను.